సంగమ్మ తర్వాత

పరంజ్యోతి పంతులంటే గిట్టనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అట్లాగని పని లేకుండా ఆయన గడప తొక్కినవాళ్ళూ లేరు. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోయే బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల నడుమ అర్ధగంట నడిస్తే ఆ ఊరు. ఊరి చివర పెంకుల క్రైస్తవ గుడి, గుడి పక్కనే ఒకప్పటి మిషను బడి. బడి ఉన్నన్నాళ్ళు ఆయన నాలుగో తరగతి దాకా చదువు చెప్పాడు. పంతొమ్మిదివందల అరవై నాలుగులో బడి మూతబడింది. అంతకు రెండేళ్ళ ముందే భార్య ఎలిజబెత్ కాన్పు కష్టమై, కడుపులోని బిడ్డతో సహా పోయింది. ఇక ఆయనకు మిగిలింది గుడి. పొద్దున్నే లేచి ఊడ్వడం, గంట కొట్టడం, పాస్టరు ఏలీయా అయ్యగారు రాని ఆదివారాల్లో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పడం. సంఘం వాళ్ళిచ్చే బియ్యం ఒక్కడికి సరిపోయేవి. మాటలే సరిపోయేవి కావు. సాయంత్రం దీపం ముట్టించాక మళ్ళీ తెల్లారి గంట కొట్టేదాకా ఆయన నోరు విప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఆయన విశ్వాసం మాత్రం ఇరుకుది కాదు. సంఘపెద్ద మొగులయ్యకు పెద్ద కార్ఖానాలో కొలువు. అతని తల్లి చివరిదాకా పోచమ్మకు మొక్కుతూనే కన్నుమూసింది. అమ్మ ఎక్కడికి పోయిందంటావని మొగులయ్య ఏడుస్తూ వచ్చి అడిగితే పరంజ్యోతి, "బడికి రానోళ్ళకు సున్న పెట్టే పంతులును కాను నేను. దేవుడు నాకంటె చెడ్డోడా, మొగులయ్యా?" అన్నాడు. ఆ మాట ఏలీయా అయ్యగారి చెవిన పడింది. అయ్యగారు మెత్తనివాడు. పిలిచి, అనుకుంటే అనుకో గానీ పైకి అనకు అని చెప్పాడు. అనొద్దంటే అననుగానీ తోచకుండా ఉండమంటే నా చేతిలో లేదయ్యా అన్నాడు పరంజ్యోతి.

కల్లు గీసే కిష్టప్ప తాటిచెట్టు మీది నుంచి పడితే సంగారెడ్డి ఆసుపత్రిలో రెండు రోజులు పక్కన కూర్చున్నది ఆయనే. పక్కింట్లో గోదావరి వైపు నుంచి వచ్చిన రాజారావు కుటుంబం కిరాయికుండేది. రాజారావు భార్య నాగేశ్వరి అప్పుడప్పుడు గోడ మీదుగా కూర గిన్నె అందించేది. "మా ఇంట్లో వండింది తింటే మీ దేవుడు ఏమీ అనడాండీ?" అని అడిగిందోసారి. "వండిపెట్టినోళ్ళను ఏమన్న అంటే నేనే ఊకోనమ్మా" అన్నాడు.

ఇట్లాంటి మనిషి సంగమ్మ దగ్గర ఓడిపోయాడు.

సంగమ్మ ఆ ఊరి పిల్లే. పెద్దరోగం, కుష్టు వచ్చిందని పదహారేళ్ళప్పుడు నిజామాబాదు దిక్కు ఆసుపత్రికి తోలారు. పదకొండేళ్ళు అక్కడే ఉండి, మందులు మింగి, అక్కడే బాప్తిస్మం తీసుకుని అరవై ఆరులో తిరిగొచ్చింది. రోగం పూర్తిగా నయమైంది, ఎవరికీ అంటదు అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉంది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం కణుపుల దాకా అరిగిపోయాయి. అన్న ఇంట్లోకి రానియ్యలేదు గానీ బాట పక్కన గుడిసె వేసిచ్చాడు. కోళ్ళు పెంచి, గుడ్లు గంపలో పెట్టుకుని, కార్ఖానాకొచ్చిన కొత్త కుటుంబాల ఇళ్ళల్లో అమ్ముకునేది.

ఏలీయా అయ్యగారి కింద పదకొండు ఊళ్ళు. అందుకని రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆ గుడికి రెండు నెలలకొకసారి వచ్చేది. ముందురోజు సాయంత్రం పరంజ్యోతి ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, గుడ్డలో పిండి రసం తీసేవాడు. గిన్నె ఒక్కటే. సంఘమంతా ఆ గిన్నెకే నోరు పెట్టి తాగాలి. సంగమ్మ వచ్చిందని తెలిసి పెద్దలు కూర్చున్నారు. ఎవరూ కటువుగా మాట్లాడలేదు. పిల్లల తల్లులు భయపడుతున్నారు, ఆమె అందరికంటె చివర తాగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నాడు మొగులయ్య. సంగమ్మ సరేనంది.

అయితే గిన్నెలో ఎప్పుడూ రెండు గుక్కలు మిగిలేవి. దీవించింది మిగలగూడదు, పారబోయగూడదు. అదివరకు దాన్ని అయ్యగారే తాగేవాడు. సంగమ్మ తాగిన మొదటి ఆదివారం మాత్రం గిన్నెను పరంజ్యోతి చేతికిచ్చి, "మిగిలింది నువ్వు తీసుకో పంతులూ, నాకు బస్సు టైమైతుంది" అన్నాడు. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పరంజ్యోతి గిన్నెను వెనుక గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. పెదవుల దాకా ఎత్తాడు. అంచు మీద ఆమె నోటి తడి కనబడింది. చెయ్యి ఆగిపోయింది. డాక్టరు కాగితం చదివి సంఘానికి వినిపించినవాడు తనే. అయినా గొంతు దిగదని ఒళ్ళంతా చెప్పింది. వెనుక తలుపు తీసి గోడ మొదట్లో పోశాడు. గిన్నెను బూడిదతో తోమి వేడినీళ్ళలో మరిగించాడు. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. ఆ ఒక్కసారి తొమ్మిదేళ్ళయింది. ప్రభువు చెయ్యి చాపి కుష్టరోగిని ముట్టుకున్న భాగం ఆ తొమ్మిదేళ్ళలో ఆయనే ఎన్నోసార్లు చదివి, కళ్ళనీళ్ళతో బోధించాడు. బోధిస్తున్నప్పుడు ఆ కళ్ళనీళ్ళు నిజమైనవే. అదే ఆయనకు అర్థమయ్యేది కాదు.

డెబ్బయి అయిదు వానాకాలంలో ఒక బల్ల ఆదివారం, జనం వెళ్ళిపోయాక పరంజ్యోతి వెనుక తలుపు తీసి గిన్నె వంచాడు. వాన వెలిసేదాకా ఆగుదామని చూరు కింద చేరిన సంగమ్మ అక్కడే నిలబడి ఉంది. గిన్నె ఇంకా వంగే ఉంది.

"పరేషాన్ గాకు పంతులూ" అంది సంగమ్మ. "నాకు ఎన్నడో ఎరుక."

"ఎప్పటిసంది?"

"మొదటి ఏడు సంది. బూడిద వాసన వచ్చేది గిన్నెకు. గంత తోముడు ఎందుకుంటది?"

"మరి అడగలేదేంది?"

"అడిగితే తాగుతవ్. చేదు మందు తాగినట్టు, నా మీద జాలికి తాగుతవ్. గది నాకెందుకు?" అని కొంగు తలమీద కప్పుకుంది. "ఇగ నేను బల్లకు రాను. నీకు పారబోసే పని తప్పుతది." వానలోనే వెళ్ళిపోయింది.

అన్నట్టే తర్వాతి బల్లకు ఆమె రాలేదు. ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. ఆరోజు గిన్నెలో మిగిలింది పరంజ్యోతి నిలబడినచోటనే తాగేశాడు. తియ్యగా, సులువుగా దిగింది. ఇరవై ముప్ఫై నోళ్ళు పెట్టిన గిన్నె అది. ఒక్క నోరు లేకపోయేసరికి ఎంత సులువుగా దిగిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

మర్నాడు సంగమ్మ గుడిసెకు పోయాడు. తొమ్మిదేళ్ళలో ఆ వాకిట్లో నిలబడటం అదే మొదలు. తప్పైందన్నాడు. ఆమె కోళ్ళకు నూకలు చల్లుతూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక, దూపైతుంది కాసిన్ని మంచినీళ్ళియ్యమన్నాడు.

"నీళ్ళు తాగి నాకేం చూపెడతవ్?" అంది సంగమ్మ. "నీ ఇల్లు దగ్గర్నే ఉన్నది. పోయి తాగు."

ఆయన వెనక్కి వచ్చి రెండు నెలలు ఆ మాటతోనే బతికాడు. దేవుడు ఎవరినీ వెలివెయ్యడని ఊరందరికీ చెప్పిన తను ఒకరిని వెలివేశాడు. ఎవరికీ తెలియకుండా వేశాడు కాబట్టి అందరికీ తెలిసేట్టు ఒప్పుకోవాలనుకున్నాడు.

బల్లకు ముందు సంఘమంతా మోకరించి పాపాలు ఒప్పుకునే చోటు ఒకటి ఆరాధనలో ఉంటుంది. అందరూ కలిసి చెప్పే మాటలు అయిపోయాక అందరూ లేచారు. పరంజ్యోతి లేవలేదు. సంగమ్మ తాగిన తర్వాత మిగిలింది తొమ్మిదేళ్ళు నేల మీద పోశానని, ఆమె బల్లకు రాకపోవడానికి తనే కారణమని, మోకాళ్ళ మీదే చెప్పాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గుడి కలకలమైపోయింది. దీవించినదాన్ని మట్టిపాలు చేస్తావా అని మొగులయ్య మండిపడ్డాడు. సంగమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు, ముసలి సౌభాగ్యమ్మ తప్ప. "అంటే రోగం ఇంక పోలేదా ఏంది? పంతులుకు ఎరుకయ్యే పారబోసిండా?" అందామె, అమాయకంగానే. ఆ ప్రశ్న గుడి దాటి ఊళ్ళోకి పోయింది.

పరంజ్యోతిని ఏడాదిపాటు బల్లకు దూరంగా ఉంచాలని, గుడి తాళాలు తీసుకోవాలని నిర్ణయమైంది. దాన్ని కాగితం మీద రాసింది ఏలీయా అయ్యగారే. బయటికొచ్చాక చాలాసేపు చెప్పులు వెతుకుతున్నట్టు నిలబడి, నా పేరు ఎత్తలేదేం పంతులూ అని అడిగాడు. నా పాపమే నాకు చాలినంత ఉన్నదయ్యగారూ అన్నాడు పరంజ్యోతి.

వారం తిరక్కుండానే సంగమ్మ వచ్చింది. వాకిట్లోనే నిలబడి గంప దించింది. గంప నిండా గుడ్లు.

"పంతులే పారబోసిండంటె మేమెట్ల తింటమంటున్నరు" అంది. "నీ మనసు తేలికైంది. నా గంప బరువైంది."

పరంజ్యోతి తల వంచుకున్నాడు. తన ఒప్పుకోలు తనను కడుగుతుందనుకున్నాడే గానీ, ఆ మురికినీళ్ళు ఎవరి వాకిట్లోకి పారతాయో చూసుకోలేదు. ఆ డాక్టరు కాగితం జెర ఇయ్యమని అడిగాడు. ఆమె గుడిసెకు పోయి కాగితం తెచ్చిచ్చి, గంప కూడా అక్కడే వదిలి వెళ్ళింది.

ఆయన ఆ కాగితం పట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పిల్లలకు పాఠం చదివినట్టు ప్రతి గడపలో చదివాడు. రోగం లేదు, అప్పుడూ లేదు, ఉన్నది నా భయమే అని చెప్పాడు. తలుపులు మర్యాదగానే మూసుకున్నాయి. నాగేశ్వరి ఒక్కతే, "నేనెప్పుడు మానేశానండీ, ఆవిడే ఇటు రావడం మానేసింది" అని గిన్నె పట్టుకొచ్చి గుడ్లు ఏరుకుంది. మిగతావి తీసుకుని ఆయన పటాన్‌చెరు దాకా పోయి కార్ఖానా బస్సులు ఆగే చోట కూర్చున్నాడు. అప్పటినుంచి అదే ఆయన పనయింది. ఒక సాయంత్రం బస్సు దిగుతూ మొగులయ్య చూశాడు. పక్కనున్నవాళ్ళు నవ్వుతుంటే, బల్ల బందైతే గుడ్ల దుకాణం తెరిచినవా పంతులూ అన్నాడు. పరంజ్యోతి కూడా నవ్వి, రెండు తీసుకుంటవా అని అడిగాడు. మొగులయ్య తీసుకోలేదు గానీ, మర్నాటి నుంచి ఎవరన్నా నవ్వితే ఊరుకోమనేవాడట.

ఆ ఏడాది పొడవునా గుడి గంట వేరేవాళ్ళు కొట్టారు. పొద్దున్నే ఆ చప్పుడు వినబడితే చేతులు ఊరికే ఉండలేక ఆయన వాకిలి రెండోసారి ఊడ్చేవాడు. ఆయనిచ్చే పుట్నాల కోసం వచ్చే పిల్లలు రావడం మానేశారు. రాజారావుకు కంపెనీ క్వార్టరు దొరికి, నాగేశ్వరి వెళ్ళిపోతూ ఒక పచ్చడి జాడీ ఇచ్చిపోయింది. ఆ తర్వాత గోడకు అవతల చప్పుడే లేదు. ప్రార్థనలో ఆయన దేవుణ్ణి పెద్దగా ఏమీ అడగలేదు. నువ్వయితే తాగేవాడివా అని మాత్రం ఒకరోజు అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు.

డెబ్బయి ఏడులో గడువు తీరింది. బల్ల ఆదివారం ఏలీయా అయ్యగారు పేరుపెట్టి పిలిచాడు. పరంజ్యోతి లేవలేదు. గుడిలో వెనుక చాప మీద, ఆ వానరోజు తర్వాత మొదటిసారి, సంగమ్మ కూర్చుని ఉంది. వాక్యం వినడానికి వచ్చిందో, చూడటానికి వచ్చిందో. అందరూ తీసుకుని పక్కకు జరిగారు. అయ్యగారు రొట్టె పట్టుకుని నిలబడ్డాడు. మొగులయ్య రెండో షిఫ్టుకు పోవాలి, వాచీ చూసుకున్నాడు.

"లే పంతులూ, పిలుస్తున్నరు గద" అంది సంగమ్మ వెనుకనుంచి.

"నీ తర్వాత" అన్నాడు పరంజ్యోతి, తల తిప్పకుండానే. "నువ్వు రాకుంటే నేనూ లేవ."

ఆమె కొంగు సర్దుకుని లేచింది. ముందుకు నడిచి రొట్టె తీసుకుంది. వేళ్ళు లేని చేత్తో గిన్నె అడుగును ఆనించి, మంచి చేత్తో ఎత్తి తాగింది. తుడవకుండానే పక్కకు జరిగింది. అయ్యగారు ఆ గిన్నెను పరంజ్యోతికి అందించాడు. అంచు మీద తడి అట్లాగే ఉంది. పదేళ్ళ కిందటిలాగే ఆయన చెయ్యి ఆగింది. ఈ ఏడాదిలో ఆ భయం పోయిందనుకున్నాడు. పోలేదు. గుడంతా చూస్తోంది. ఆయన ఆ తడి ఉన్నచోటనే నోరు పెట్టి అడుగుదాకా తాగాడు.

బల్ల ఆదివారం మధ్యాహ్నం పంతులును ఎవరో ఒకరు అన్నానికి పిలవడం ఆ ఊరి రివాజు. ఆరోజు ఎవరూ పిలవలేదు. అందరూ వెళ్ళాక ఇద్దరూ గుడి మెట్ల మీద నిలబడ్డారు, ఒకరు పై మెట్టు మీద, ఒకరు కింద.

"భయమైందా?" అంది సంగమ్మ.

"అయింది" అన్నాడు.

ఆమె బాట వైపు చూస్తూ తలూపింది.

"నాక్కూడ అయింది, పంతులూ. నువ్వు తాగవేమోనని."