ఆరోన్ రాసిన కోత

ఆరోన్ పుట్టింది హఫీజ్‌పేట్‌లోనే, రైల్వే స్టేషన్ వెనక కాలనీలో. తల్లి సువార్తమ్మ బాపట్ల నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అందుకే ఆ ఇంట్లో మాట కోస్తా మాట. కొడుకు నోటికీ అదే అంటింది. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. 2011 సెప్టెంబరు మామూలు నెల కాదు.

మాది పక్కిల్లు. యూనివర్సిటీలో అతను చేసేదేమిటని అడిగితే తేలిగ్గానే చెప్పేవాడు.

"బొగ్గులో ఉండే కార్బనేరా. దాన్ని ఒక్క అణువు మందాన పొరగా పరిస్తే గ్రాఫీన్. కాగితంలా వంగుతుంది, రాగి తీగలా కరెంటు మోస్తుంది."

అతను తయారుచేస్తున్నది అడుగు కింద పెట్టే సన్నటి పట్టీ. తొక్కినప్పుడల్లా అందులోని ప్లాస్టిక్ పొరలో కాస్త కరెంటు పుడుతుంది. పైనా కిందా అతికించిన గ్రాఫీన్ దాన్ని బయటికి తెస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. ఆ పొరలు అతికేవి కావు, అతికినా వంచగానే పగిలేవి. ఆ వానాకాలం ఒకే ఒక్క పట్టీ బతికింది. దసరాకు ముందు కమిటీ ఎదుట అది జనం తొక్కుడుకు ఆగుతుందని చూపిస్తే పరిశోధన సాగుతుంది. లేదంటే పీహెచ్‌డీ సీటు పోతుంది.

అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి బొగ్గు గనుల్లో పని ఆగింది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. హైటెక్ సిటీ అద్దాల మేడలకు జనరేటర్లున్నాయి, ఆరోన్ ల్యాబుకు లేవు. గ్రాఫీన్ తీసే కొలిమి వేడెక్కేలోపే చల్లారేది. పట్టీని వంచి పరీక్షించే యంత్రమూ ఆగిపోయింది. మిగిలింది మనుషుల కాళ్లే. అవి లింగంపల్లి రోడ్డు మీది దీక్షా శిబిరంలో కావలసినన్ని ఉన్నాయి.

శిబిరం చూసే వెంకటరమణన్న ఆర్టీసీ కండక్టర్. ఆరోన్ వెళ్లి అడిగితే నవ్వాడు.

"తొక్కితే కరెంటొస్తదా? బొగ్గు లేకున్నా?"

"వస్తుందండి. చాలా కొంచెం."

"జర మెల్లగ చెప్పు బిడ్డా, సర్కారు వింటే మా సమ్మె ఖరాబైతది. ఇంకోటి, ఈడ అండీ గిండీ అనకు. అన్నా అను."

"సరేనండి."

వెంకటరమణన్న తల కొట్టుకుని, పెట్టుకో పొమ్మన్నాడు.

శిబిరం ముందు రబ్బరు చాప పరిచి, దాని కింద పట్టీ పెట్టి, బ్యాటరీ మీటరుకు వైర్లు కలిపాడు ఆరోన్. వచ్చేపోయేవాళ్లకు తెలియాలని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు. చదువంతా ఇంగ్లిషులో చదివినవాడు. పుస్తకంలో ఉన్న హార్వెస్టింగ్‌ను నేరుగా తెలుగులోకి దించాడు: "మీ అడుగులతో కరెంటు కోత."

మధ్యాహ్నం వెంకటరమణన్నా నేనూ ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నాం. శేరిలింగంపల్లి నుంచి ఊరేగింపు వచ్చింది. ముందున్నవాడు అట్ట చదివి ఆగిపోయాడు.

"ఏందిది? మన అడుగులతోనే కరెంటు పోతుందట! ఎవడు రాసిండ్రా?"

"నేనేనండి," అన్నాడు ఆరోన్. "కోత అంటే తీసేయడం కాదండి. వరికోత ఉంటుంది చూడండి, అలాంటిది."

"ఏ ఊరు నీది?"

"హఫీజ్‌పేట్ అండి."

"హఫీజ్‌పేట్‌ల అండి అంటరా బే?"

గుంపు గొల్లున నవ్వింది. అక్కడితో పోయేదే. ఇంతలో ఎవడో చాప ఎత్తాడు.

"వైర్లున్నయ్‌రో!"

బాంబులు పేలిన ఊరు ఇది. సగంమంది పరుగెత్తారు. మిగతా సగం అతని మీద పడ్డారు. ఆరోన్ తలను కాచుకోలేదు. చాప మీద బోర్లా పడి పట్టీని కడుపు కింద దాచుకున్నాడు. మేం రోడ్డు దాటి, వెంకటరమణన్న "ఆగుండ్రి, మనోడేరా!" అని అరుస్తూ అడ్డం పడేసరికి అతని మణికట్టు విరిగింది. మీటరు నుజ్జయింది. పట్టీ రెండు ముక్కలైంది.

కట్టు కట్టిన చేత్తోనే కమిటీ ముందుకెళ్లాడు. పనిచేసే నమూనా ఏదని అడిగారు. లేదన్నాడు. సమ్మె అందరికీ ఉంది కదా అన్నారు. సీటు పోయింది.

తర్వాత ఒకరోజు వెంకటరమణన్న బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చాడు. దారి చూపించింది నేనే. సువార్తమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"మా అబ్బాయి పడుకున్నాడండి."

"ఒక్క మాట తప్పు రాసిండక్కా, గంతే. కరెంటు పంట అని రాసుంటే ఏం గాకపోతుండె."

"ఎవరి పంట అని అడిగేవాళ్లు," అంది లోపలి నుంచి ఆరోన్ గొంతు.

వెంకటరమణన్న బత్తాయిల సంచి ముందుకు చాపాడు. సువార్తమ్మ పళ్లు తీసుకుంది గానీ లోపలికి రమ్మనలేదు.

ఇప్పుడు ఆరోన్ నానక్‌రామ్‌గూడలో ఒక కాల్ సెంటర్‌లో చేస్తున్నాడు. రాత్రంతా ఎవరో అమెరికా దొరల ఫోన్లకు ఇంగ్లిషులో జవాబులు చెప్పడమే పని. షేర్ ఆటోలో పక్కవాడు ఎక్కడ దిగుతావని అడిగినా నోరు విప్పడు, వేలితో చూపిస్తాడు.