చేపల ఉపవాసం

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీ ఇంజన్లు విప్పుతున్న కృపానందానికి, ఏది పాడైనా పార్టు మార్చేస్తే సరిపోతుందని గట్టి నమ్మకం. ఇంట్లో అక్వేరియం అద్దం మీద దారప్పోగుల్లాంటి తెల్ల పురుగులు పాకుతుంటే ముందు ఫిల్టరు మార్చాడు, తర్వాత మోటారు, ఆఖరికి అడుగున రాళ్లు కూడా. పురుగులు మాత్రం హాయిగా ఉన్నాయి.

విసుగెత్తి, భార్య శౌరమ్మను వెంటబెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర చేపల షాపుకు వెళ్లాడు.

"రోజుకెన్నిసార్లు మేత వేస్తారండీ?" అన్నాడు షాపాయన.

ఇంటికొచ్చినవాళ్లు మారు వడ్డించుకోకుండా లేస్తే శౌరమ్మకు ఆ పూట ముద్ద దిగదు. "అవి నోరు తెరిచినప్పుడల్లా" అంది.

"మిగిలిందంతా పురుగులే తింటున్నాయమ్మా. నాలుగు రోజులు మేత ఆపండి, చేపలకేం కాదు."

"నా ఇంట్లో పస్తులా" అని శౌరమ్మ మొహం మాడ్చుకుంది.

"శుక్రవారం ఉపవాస ప్రార్థన నువ్వు చేయట్లా? అవీ చేస్తాయి" అని కృపానందం ఇంటికి రాగానే మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఐదోనాటికి అద్దం మీద ఒక్క పురుగు లేదు. ఆకలికి చేపలే వాటిని ఏరుకుతిన్నాయి. "చూశావా" అంటూ గర్వంగా డబ్బా తీసి ఆమె చేతికిచ్చాడు.

శౌరమ్మ చూసింది. కళ్లు తుడుచుకుంది.

"పురుగులు తిని బతికాయండీ పాపం" అని సగం డబ్బా అక్వేరియంలో వంపేసింది.