మగ్గం గుంతకు చల్లిన నీళ్లు

గద్వాలలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాక, ఒంటికి లేవాల్సి వస్తుందని పొద్దంతా నీళ్లు తాగేవాణ్ని కాదు. పోయిన ఎండాకాలం నడుములో పోటు పొడిచింది.

"మూత్రపిండంల చిన్న రాయి. నీళ్లు తాగితే పడిపోతది, లేకుంటే ఆపరేషనే," అన్నాడు డాక్టరు.

"నేనేమన్న రాళ్లు తిన్ననా సారూ?" అని మండిపడ్డాను.

మూత్రపిండాల గురించి ఓ పుస్తకం తెచ్చి చదివాను. అవి నెత్తురును వడపోసి, అక్కర్లేని ఉప్పులను నీళ్లలో కలిపి బయటికి పంపుతాయట. నీళ్లు చాలకపోతే ఆ ఉప్పులే గడ్డకట్టి రాయవుతాయట. ఇన్నేళ్లూ ఒక్కడూ చెప్పలేదని మా ఆవిడ మీద ఎగిరిపడ్డాను.

ఆమె నవ్వింది. "పోగులు ఎండితే తెగుతయని గుంతల రోజూ నీళ్లు సల్లుతవ్. నీ పానం ఎండితే ఏం గాదా?"

చెంబెత్తి గటగటా నీళ్లు తాగాను. ఆపరేషన్ లేకుండానే రాయి పడిపోయింది. ఇప్పుడు గంటకోసారి లేస్తున్నాను, అయినా చీరల నేతేమీ ఆగలేదు.