పైలట్ గారి జీపులో ఇనప బీరువా

వాణ్ణి పైలట్ అని పిలిస్తే తప్ప పలకడు. విమానం నడుపుతాడేమో అనుకునేరు! పెద్ద ట్రైలర్ల ముందు ఎర్రజెండా కట్టుకున్న పాత జీపు తోలుతాడు, అంతే. దానికే నల్లకళ్ళద్దాలు, మెళ్ళో విజిలు, జేబు మీద ఎవరిచేతో కుట్టించుకున్న రెండు రెక్కల బొమ్మ.

ఎవరిచేతో ఏమిటి, సొంత అక్క చేతే కుట్టించుకున్నాడు. ఆమెకు ట్రైలర్ల యార్డు గేటు పక్కనే కుట్టుమిషను దుకాణం ఉంది. సరుకు మీద కప్పే టార్పాలిన్లకు అతుకులు వేస్తుంది, ఎర్రజెండాలు కుడుతుంది. యార్డులో అందరికీ ఆమె జెండాలక్క. ఆ రెక్కలు కుడుతున్నంతసేపూ ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. "కోడికి కూడా రెక్కలుంటాయిరా" అంది చివరికి. వాడికి ఎక్కలేదు. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

వాడి ఉద్యోగం సంగతి చెప్పాలి. మామూలు లారీ మోయదగ్గ ఎత్తు, వెడల్పు, బరువు దాటిన సరుకు రోడ్డెక్కాలంటే విడిగా పర్మిట్ తీసుకోవాలి. ఏ దారిన పోవాలో, ఏ వంతెన మీద నడిచే మనిషి వేగంతో పోవాలో అన్నీ అందులో రాసిస్తారు. ట్రైలర్ ముందు ఒక జీపు నడవాలి. ఆ జీపు ముందు బంపరుకు నిలువుగా ఒక గడ కట్టాలి. గడ చివర సరుకు ఎత్తు కంటే జానెడు పైకి ఉండాలి, అక్కడో గంట వేలాడాలి. తీగో, వంతెనో గడకు తగిలితే గంట మోగుతుంది. మోగగానే జెండా ఊపి వెనకొచ్చే ట్రైలర్‌ని ఆపాలి. అంతకుమించి ఏమీ లేదు. చెవులున్న ఎవడైనా చేయొచ్చు.

ఆ ఒక్క గంటా వాడి చెవులకు భారమైంది. కళ్ళ ముందు మోగుతుంటే తలనొప్పిగా ఉందని గడను ముందునుంచి పీకి జీపు వెనక్కి, స్టెప్నీ పక్కకి మార్చాడు. పైకి జానెడు ఉంచితే ప్రతి చెట్టుకొమ్మకీ తగిలి మాటిమాటికీ దిగాల్సి వస్తోందని కోసి బెత్తెడుకు దించాడు.

"రూలు జానెడు కదరా?" అంది జెండాలక్క ఓసారి.

"రూల్సు రాసినవాడు ఎప్పుడైనా జీపెక్కాడా అక్కా? నాకు రోడ్డు వాసన చూస్తే తెలుస్తుంది."

"అవును, కుక్కలకీ తెలుస్తుంది."

బయల్దేరేముందు గడను కొలవాల్సిన ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన కొలిచేది కుర్చీలోంచే. కిటికీలోంచి తొంగిచూసి, నిలబడ్డ కర్ర ఒకటి కనిపిస్తే చాలు, ముద్ర కొట్టేవాడు. అది గడో గొడుగో ఆయనకు అనవసరం. ఇలాంటివాళ్ళ మధ్య తమ్ముడు మహారాజులా తిరుగుతున్నాడంటే అందులో వింతేముంది అనుకునేది జెండాలక్క.

ఆ మాటకొస్తే వాణ్ణి అక్కడ పెట్టించింది ఆమే. ఆమె మొగుడు అదే యార్డులో ట్రైలర్ డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అతిభారం సరుకు తోలాలంటే లైసెన్సు మీద వేరే ముద్ర ఉండాలి, అది ఉన్నవాళ్ళు ఆ యార్డులో వేళ్ళ మీద లెక్క. పని లేక ఇంట్లో కూర్చుని తల్లి పెన్షను తింటున్న తమ్ముణ్ణి చూడలేక, మొగుడి ప్రాణం తోడి యజమానికి చెప్పించింది. "మీ వాడు బద్ధకస్తుడే" అని ఒక్క మాట అన్నాడు డ్రైవరు. అన్నాక చెప్పాల్సిన చోట చెప్పాడు. అప్పటినుంచీ తమ్ముడి ప్రతి వెధవ పనీ ఆమె నెత్తి మీద పడ్డట్టే ఉండేది. అందుకే వాణ్ణి అసహ్యించుకునే హక్కు అందరికన్నా తనకే ఎక్కువ అనుకుంది.

ఒకరోజు యార్డు నుంచి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బయల్దేరింది. ముందు వీడి జీపు, వెనక ఆమె మొగుడి ట్రైలర్. మొగుడికి అన్నం క్యారియర్ ఇద్దామని గేటు దగ్గరికి వచ్చింది జెండాలక్క. క్యారియర్ అందుకుని అతను ట్రైలర్ ఎక్కగానే తమ్ముడు ఆమెను పక్కకు పిలిచాడు.

"అక్కా, మా అత్తగారు ఇవాళ ఇల్లు మారుతోంది. దారిలోనే. ఓ చెయ్యి వేద్దువుగాని, ఎక్కు."

"ఈ జీపులో ఇంకెవర్నీ ఎక్కించకూడదు కదరా?"

"జెండా ఉన్న బండిని ఎవడాపుతాడే? అందుకే కదా ఇవాళ పెట్టుకున్నాం! వ్యాను కిరాయి దండగ."

తిట్టింది. తిడుతూనే ఎక్కింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే అది, ఆ ఇంట్లో వాణ్ణి తిట్టనివాళ్ళూ లేరు, వాడు చెప్పింది చేయనివాళ్ళూ లేరు.

ట్రైలర్ కొండచిలువలా మెల్లగా వస్తుంది కాబట్టి వీడు ముందు దూసుకుపోయి అత్తగారి వీధిలోకి జీపు తిప్పాడు. అత్తగారంటే సామాన్యురాలు కాదు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. ఆమె బీరువా ఆమెకన్నా ఘనం, పాతకాలం ఇనుముతో చేసింది. మోసేవాళ్ళకు డబ్బెందుకు ఇవ్వాలని ఆమె అల్లుడి వంక చూసింది, అల్లుడు అక్క వంక చూశాడు. ఒకవైపు వాడు, ఒకవైపు జెండాలక్క పట్టి బీరువాను జీపు వెనక పడేశారు. దాని మీద పరుపులు, పరుపుల మీద ఇత్తడి సామాను, సందులో అత్తగారు. జీపు వెనకభాగం కుంగింది. స్ప్రింగులు మూలిగాయి.

"ఒరేయ్, గడ కూడా కిందికి దిగినట్టుందిరా" అంది జెండాలక్క.

"గడ ఎక్కడికి దిగుతుంది, కట్టే ఉందిగా!"

ఇంతకన్నా తెలివైన మాట ఆ నోటినుంచి ఆశించడం ఆమెదే తప్పు. జీపు కుంగితే దానికి కట్టిన గడా కుంగుతుందన్న సంగతి చిన్నపిల్లలకైనా తడుతుంది. బెత్తెడు కన్నా ఎక్కువే దిగింది. రూలు ప్రకారం జానెడు ఉంచి ఉంటే, అంత దిగినా ఇంకా సరుకుకన్నా పైనే ఉండేది.

జీపు తిరిగి పెద్దరోడ్డెక్కి ట్రైలర్ ముందుకొచ్చింది. బస్టాండు ముందు జనం రోడ్డు దాటే ఇనప వంతెన ఒకటి ఉంది. పర్మిట్ కోసం దారి కొలిచినప్పుడు దాని కింద ట్రాన్స్‌ఫార్మర్ పట్టేదే. ఆ తర్వాత ఎవరో అక్కడ మరో వరస తారు పోశారు, రోడ్డు పైకి లేచింది. వేసినవాళ్ళు పర్మిట్ ఆఫీసుకు చెప్పలేదు. పర్మిట్ ఆఫీసు అడగలేదు. సరిగ్గా ఇలాంటి మహానుభావులు ఉంటారనే ఆ గంట పెట్టారు.

జీపు వంతెన కింద నుంచి పోయింది. గంట మోగలేదు. అత్తగారు తన ఇత్తడి బిందెకు సొట్ట పడిందని గొణుగుతోంది. అప్పుడు వెనక పెద్ద చప్పుడైంది.

ట్రాన్స్‌ఫార్మర్ తల వంతెనకు గుద్దుకుని, పైనున్న పింగాణీ స్తంభాలు ముక్కలై నూనె ధారగా కారుతోంది. వంతెన మీద అప్పుడు ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం. పైలట్ గారి బుర్ర పుట్టిన తర్వాత మొదటిసారి చురుగ్గా పనిచేసింది. "దించు, దించు!" అంటూ బీరువా లాగాడు. జెండాలక్క రెండో వైపు పట్టింది. ఎందుకు పట్టిందంటే, చేతులకు ఆ అలవాటుంది. దారిన పోయే వ్యానొకటి ఆపి బీరువాను, అత్తగారిని, అక్కను అందులోకి తోసేశాడు. ఆ తర్వాత జెండా పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు.

సాయంత్రానికే కొత్త కథ తయారైంది. గంట మోగిందట. వాడు చేతులు పడిపోయేలా జెండా ఊపాడట. డ్రైవరు చూడలేదట, కునుకు తీస్తున్నాడట. ఆఫీసువాళ్ళు ఖాళీ జీపును వంతెన కింద నడిపి చూశారు. ఖాళీగా ఉంటే గడ ఎత్తే కదా, గంట గణగణ మోగింది. ఇంకేం సాక్ష్యం కావాలి? డ్రైవరు లైసెన్సు లాక్కున్నారు. విచారణలో తప్పు తేలితే అతిభారం ముద్ర తీసేస్తారు, అది ఒకసారి పోతే మళ్ళీ ఇవ్వరు.

"గంట మోగలేదు" అని మాత్రం చెప్పాడు డ్రైవరు. రెండో మాట చెప్పలేదు.

జెండాలక్క ఆ రాత్రే నిజం చెప్పేద్దామనుకుంది. తెల్లారేసరికి తల్లి వచ్చి కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"జీపులో మనుషుల్ని ఎక్కించాడని తెలిస్తే వాణ్ణి జైల్లో వేస్తారే. మీ ఆయనకు చేతిలో విద్యుంది, ఏ చిన్న లారీ అయినా తోలుకుంటాడు. వాడికేముందే?"

"వాడికి రెక్కలున్నాయిగా అమ్మా."

"ఒక్కగానొక్క తమ్ముడు!"

"ఆ ఒక్కడే చాలు, ఊరంతటికీ సరిపోతాడు" అంది. అంది గానీ ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మొగుడు గడప మీద కూర్చుని కూరగాయలు తరిగేవాడు, ఆమె కుట్టు ముగించి వచ్చేసరికి నీళ్ళు పట్టి పెట్టేవాడు. ఎప్పుడన్నా తలెత్తి ఆమెను చూసేవాడు. పాపం దిగులు పడుతున్నాడు అనుకునేది. మిషను తొక్కుతూ తమ్ముణ్ణి తిట్టుకునేది, తల్లిని తిట్టుకునేది, కిటికీలోంచి కొలిచే ఇన్‌స్పెక్టరును తిట్టుకునేది. తిట్టుకుంటే ఏదో చేసినట్టే ఉండేది.

విచారణ రోజు రానే వచ్చింది. తమ్ముడు వచ్చి, "అక్కా, నువ్వూ రావాలి. సాక్షిగా నీ పేరిచ్చా" అన్నాడు.

"దేనికి సాక్షిరా?"

"ముందురోజు రాత్రి బావ సరిగ్గా నిద్రపోలేదని చెప్పు చాలు. ఆమాత్రం సాయం చెయ్యలేవా?"

వాడి మొహంలో సిగ్గన్నది వెతికింది. లేదు. ఆమె తన మాట కాదనగలదన్న అనుమానం కూడా లేదు.

పర్మిట్ల ఆఫీసు గది ఇరుగ్గా ఉంది. బల్ల వెనక ఆఫీసరు, పక్కన మన కిటికీ ఇన్‌స్పెక్టరు, ఎదురుగా చేతులు కట్టుకుని డ్రైవరు. పైలట్ గారు రెక్కల చొక్కా తొడుక్కొచ్చారు.

"నేను ఊపుతూనే ఉన్నాను సార్. ఆ జెండా కుట్టింది కూడా మా అక్కే. బావ తల వాల్చేసి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేదు. కావాలంటే అక్కనే అడగండి."

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "చెప్పమ్మా. మీ ఆయన ముందురోజు నిద్రపోయాడా లేదా?"

"శుభ్రంగా నిద్రపోయాడు సార్. గంట మోగలేదు."

"నీకెలా తెలుసు?"

"నేను ఆ జీపులోనే ఉన్నాను. వీడి అత్తగారు ఉంది, ఆమె ఇనప బీరువా ఉంది. జీపు కుంగింది, గడ కిందికి దిగింది. దిగిందని వీడితో అన్నాను కూడా. గడ జానెడు ఉండాల్సింది, బెత్తెడే ఉంచాడు. ముందు కట్టాల్సింది వెనక కట్టాడు. ఈ సారు దాన్ని ఏనాడూ దగ్గరికొచ్చి చూడలేదు."

"అక్కా!" అన్నాడు పైలట్.

"నోర్ముయ్. వ్యాను కిరాయి మిగుల్చుకోవడానికి నా మొగుడి లైసెన్సు ఇస్తావురా? సిగ్గు లేదూ?"

ఇన్‌స్పెక్టరు నేల చూపులు చూశాడు. అత్తగారిని పిలిపించారు. ఆమె అల్లుణ్ణి కాపాడటానికి రాలేదు, బిందెకు పడ్డ సొట్టకు ఎవరిస్తారని అడగడానికి వచ్చింది. దాంతో అంతా తేలిపోయింది. వాడి జీపు పర్మిట్ రద్దయింది, కేసు రాశారు. డ్రైవరు లైసెన్సు ముద్రతో సహా బల్ల మీద పెట్టారు. ఎక్కకూడని బండి ఎక్కినందుకు జెండాలక్కకు జరిమానా వేశారు. గుమ్మం దగ్గర తల్లి, "కడుపున పుట్టిన పామువే" అంది. జెండాలక్క ఆగకుండా బయటికొచ్చేసింది.

బస్టాపులో ఆమె, డ్రైవరు పక్కపక్కన నిలబడ్డారు. ఆమెకు గుండె తేలికైంది. ఇన్ని వారాల తర్వాత మొగుడి మొహంలోకి సూటిగా చూడగలిగింది.

"నన్ను తిట్టండి. ముందే చెప్పాల్సింది" అంది.

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను ట్రైలర్ దిగి ముందుకొచ్చేసరికి బీరువాకు రెండో వైపు నువ్వున్నావు."

గడప మీద కూర్చుని అతను తలెత్తి చూసిన చూపులన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. దిగులు కాదది.

"మరి చెప్పలేదేం? ఉద్యోగం పోయేది కదా?" అంది చివరికి.

అతను లైసెన్సును జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

"నేను చెబితే నువ్వు కాదంటావేమోనని" అన్నాడు.

కాదనేదాన్ని కాదని చెబుదామని నోరు తెరిచింది. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఇంకా ఏమీ అనకముందే అతను ఎక్కేశాడు.