ఫొటోలో మిగిలిన ఇల్లు

సెలవులకని ఎమ్మిగనూరులో ఒక పాత ఇంట్లో గది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని, నేనూ నా భార్యా బళ్ళారిలో బస్సెక్కాం. ఇంటివాళ్ళ ఫోను ఎంతకీ కలవడం లేదు. పక్క సీట్లోని పెద్దావిడకు ఆ ఇంటి ఫొటో చూపించి దారి అడిగాను.

ఆమె చాలాసేపు చూసింది.

"ఇది మా ఇల్లేనప్పా. బాడిగకు ఇచ్చింటిమి. పోయినేడు వానలకు కూలిపాయ. ఇప్పుడు ఆడ ఉత్త మన్ను ఉండాది. బాడిగకు ఉన్నోళ్ళు యాడికి పోయిరో ఏమో. మీ మాదిరి జనం మాత్రం ఇంకా వస్తానే ఉండారు."

నా భార్య తల పట్టుకుంది. ఆవిడ ఫొటోలోని అరుగును వేలితో తాకేసరికి తెర మీదికి ఇంకో బొమ్మ వచ్చింది.

"అయ్యో, పోయిందే!" అంది కంగారుగా.

ఆ ఇంటినే మళ్ళీ తెచ్చి, ఫోను ఆమె చేతికిచ్చాను. పంపిద్దామంటే ఆమెది బటన్ల ఫోను.

"మా తావ ఒక్క ఫొటో కూడా లేదప్పా" అంటూ, ఊరొచ్చేదాకా చూస్తూనే కూర్చుంది.

మేం వెనక్కి బళ్ళారి వచ్చి లాడ్జిలో దిగాం. గది బుక్ చేసిన సైటుకు ఫిర్యాదు చెయ్యమని నా భార్య పోరింది. చేస్తే ఆ ఫొటో తీసేస్తారు. ఇంకొకరు మోసపోతారని తెలిసీ, నేను ఇవాళ్టికీ చెయ్యలేదు.