పగటి నిద్రల వీధిలో మేడల తగువు

మొన్న ఆదివారం మా ఫ్లాట్ల వాళ్ళందరూ కింద కార్లు పెట్టే చోట కుర్చీలు వేసుకుని సమావేశమయ్యారు. రోడ్డుకు అవతల ఖాళీ జాగాలో ఏవో చాలా అంతస్తులు లేపడానికి అనుమతి ఇవ్వబోతున్నారట, గాలి పోతుంది, వెలుతురు పోతుంది, నీళ్ళు చాలవు, కాబట్టి అందరం కలిసి అభ్యంతరం చెప్పాలని వాళ్ళ ఉద్దేశం. అందరూ సబబుగానే మాట్లాడారు. నేనూ తలూపుతూనే కూర్చున్నాను గానీ, మనసు మాత్రం నాకు చెప్పాపెట్టకుండా లేచి కంచరపాలెం వెళ్ళిపోయింది. ఇంచుమించు ఇవే మాటలు నా పడుచుతనంలో అక్కడొక పెంకుటింటి వాకిట్లో విన్నాను. ఆ మాటలన్నావిడ చలవ వల్లనే నేనీ ఊళ్ళో సంసారిని కాగలిగాను.

నా ఈడు వాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు, ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, తల దాచుకోవడానికి గది దొరకడం ఇంకో ఎత్తు. ఉక్కు కర్మాగారం కడుతున్నారని, హార్బరులో మనుషులు కావాలని గోదావరి జిల్లాల నుంచీ మా కృష్ణా జిల్లా నుంచీ రైలు దిగినవాడు దిగినట్టే ఉండేవాడు. ఊరు మాత్రం ఉన్నంతే ఉండేది. నాకు హార్బరులో ఇనుప రాయి ఓడల్లోకి ఎక్కించే చోట పని. డ్యూటీ దిగేసరికి చొక్కా, జుట్టు, కనురెప్పలు కూడా ఎర్రగా అయిపోయేవి, గది వెతుక్కోవడానికి ఆ వేషంలో వెళితే తలుపు తీసిన వాళ్ళు తీసినంత వేగంగానూ వేసేసేవారు. ద్వారకా నగర్ వైపు అద్దెల సంగతి అడగడానికే ధైర్యం చాలేది కాదు.

అలా తిరిగి తిరిగి చివరికి రైలు పట్టాల పక్క వీధిలో మా మామ్మగారి ఇంటికి చేరాను. మామ్మగారంటే సొంత మామ్మ కాదు, ఇంటివారు. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి, భర్త రైల్వేలో పనిచేసి కాలం చేశాడు. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినబడేది. నన్ను పైనుంచి కిందికి చూసి, ముందు నూతి దగ్గరికెళ్ళి మొహం కడుక్కోమంది, ఎర్రదుమ్ము వదిలాక మనిషి ఎవరో తెలిస్తే అప్పుడు గది సంగతి మాట్లాడదామంది. అప్పటికే ఆ గదిలో ఇద్దరున్నారు, ఒకడు ఈ ఊరివాడే, అందరినీ బావా అని పిలుస్తాడు గనక మేమూ వాణ్ణి బావ అనేవాళ్ళం, ఇంకొకాయన రాజమండ్రి దగ్గరాయన. ముగ్గురికీ కలిపి మంచం ఒక్కటే. ముగ్గురివీ వేరువేరు షిఫ్టులు కాబట్టి ఒకడు లేస్తే ఇంకొకడు నడుం వాల్చేవాడు. ఆ మంచం ఏ పూటా చల్లారి ఎరగదు.

ఆ వీధికి ఒక ఆచారం ఉండేది, మరెక్కడా నేను చూడలేదు. సగం ఇళ్ళలో మగవాళ్ళు హార్బరులోనో రైల్వేలోనో రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేవారు. అటువంటి మనిషి లోపల నిద్రపోతుంటే తలుపు గొళ్ళేనికి అతని తువ్వాలు ముడివేసి ఉంచేవారు. తువ్వాలు కనబడిందా, ఆ చుట్టుపక్కల రోట్లో రోకలి పడకూడదు, బిందెలు మోగకూడదు, పిల్లలు గోళీలాట వేరే వీధికి మార్చుకోవాలి. చేపలమ్మే ఆవిడ వీధి మొదట్లో ఎంత గట్టిగా అరిచినా మా గుమ్మం ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించి, చేప ధర కూడా గుసగుసగానే చెప్పేది, బేరమూ గుసగుసగానే సాగేది. గూడ్సు బండి కూతలకు మాలో ఎవరికీ మెలకువ వచ్చేది కాదు, పక్కింట్లో ఎండుమిరపకాయలు దంచితే మాత్రం ఉలిక్కిపడి లేచేవాళ్ళం.

అటువంటి వీధిలోకి మేడల తగువు వచ్చి పడింది. అంతవరకూ అక్కడ నేలమట్టం ఇళ్ళకే అనుమతి. ఊళ్ళోకి జనం పెరిగిపోతున్నారు గనక ఇకమీదట అంతస్తులు వేసుకోవచ్చు, పోర్షన్లు చేసుకోవచ్చు అని నిబంధన మార్చబోతున్నారనీ, ముందుగా ఒక ఆఫీసరు వచ్చి వీధివాళ్ళ అభిప్రాయం తెలుసుకుంటారనీ కబురొచ్చింది. ఎదురింటి మావయ్యగారు మేస్త్రీ పని చేసి కంట్రాక్టరైన మనిషి, కట్టాల్సిందేనని ఆయన పట్టు. కూడదని మా మామ్మగారి పట్టు. అంతకు ముందు కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు రెండూ ఎడమొహం పెడమొహం అయిపోయాయి, వీధి కూడా రెండుగా చీలింది, ఎక్కువమంది మామ్మగారి పక్షం.

ఆవిడ వాదన కొట్టిపారేసేది కాదు. ఉన్న ఒక్క నుయ్యే ఎండాకాలం అడుగంటుతుంది, ఇంకా ఇన్ని సంసారాలొస్తే ఏం తాగుతారు? ఎదురుగా మేడ లేస్తే వాకిట్లో ఎండ పడదు, ఆదివారం సాయంత్రం ప్రార్థనకు పదిమంది కూర్చునే వాకిలి అది, ఆవిడ మామిడికాయ ఒరుగులు ఎండేదీ అక్కడే. అన్నిటికంటే పెద్దది నిద్ర. పక్కింటి రోలయితే తువ్వాలు చూసి ఆపుతారు, నెత్తి మీదున్న సంసారం కింద గొళ్ళేనికి కట్టిన తువ్వాలు ఎలా చూస్తుందని ఆవిడ అడిగేది. మా నిద్ర కోసం ఆవిడ అంత పోట్లాడుతుంటే నేను తల వంచుకుని నూతి దగ్గరికి పోయేవాణ్ణి.

ఎందుకంటే నాకు కావలసింది మేడలే. గుడివాడ దగ్గర అత్తవారింట్లో నా భార్య, పాకడం నేర్చిన కూతురు ఉన్నారు. పాపను పురిట్లో ఒకసారి చూసిందే. సంసారానికి ఇచ్చే పోర్షను కోసం ఊరంతా గాలించాను, దొరకలేదు. పిల్లనెప్పుడు తెస్తావని మామ్మగారు అడిగినప్పుడల్లా వేసవి పోనివ్వండి అనేవాణ్ణి, వేసవి పోయాక వానలు తగ్గనివ్వండి అనేవాణ్ణి. దిక్కులేని వేళ గది ఇచ్చిన మనిషి దగ్గర ఇది చాలదండీ అని ఎలా అంటాం? భార్యకు నలతగా ఉంటుంది కాబోలు, పైకి చెప్పుకోలేకపోతున్నాడని ఆవిడ తనలో తాను అనుకుని ఊరుకునేదట.

ఆఫీసరు వచ్చే రోజున ఆవిడ పక్షం వాళ్ళు పెద్ద ఏర్పాటే చేశారు. ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలతో వరసగా నిలబడి, ఆయన జీపు దిగగానే గరిటెలతో బిందెలు మోగించి నీళ్ళ కరువు తెలిసొచ్చేలా చేయాలని. పొద్దున్నే వస్తారనుకుని అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఆయనేమో భోజనం చేసి మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి నేను రాత్రి డ్యూటీ దిగివచ్చి పడుకున్నాను, మా గొళ్ళేనికి నా తువ్వాలు కట్టి ఉంది. అటు పక్క ఇంకో రెండిళ్ళకూ ఉన్నాయి.

తరవాత వీధివాళ్ళు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాను. అంతమంది ఆడవాళ్ళు, అన్ని బిందెలు, ఒక్కరూ గరిటె ఎత్తలేదు. అలవాటు అలాంటిది. మామ్మగారు ఆఫీసరు చెవి దగ్గరికి వెళ్ళి నీళ్ళ సంగతి, ఎండ సంగతి గుసగుసగా మొదలుపెట్టింది. ఎదురింటి మావయ్యగారు రెండో చెవి దగ్గర చేరి అంతకంటే మెల్లగా కాదనడం మొదలుపెట్టారు. పాపం ఆఫీసరు అటూ ఇటూ తల తిప్పుతూ, కొంచెం గట్టిగా చెప్పండమ్మా అంటే వీధి వీధంతా నోటి మీద వేలేసుకుని ఆయన్నే ఊరుకోమంది. ఇదేం వీధండీ, ఎవరైనా పోయారా అని ఆయన కంగారుపడితే, మామ్మగారు మా తువ్వాలు చూపించి సంగతి చెప్పింది. అయితే ఒకసారి చూస్తానన్నాడాయన.

తలుపు తీసేసరికి మొహాన వెలుతురు పడి నాకు మెలకువ వచ్చింది. గుమ్మంలో ఆఫీసరు, ఆయన వెనక మామ్మగారు, ఆవిడ వెనక వీధి. గోడవారగా నేల మీద బావ కూర్చుని ఉన్నాడు, సాయంత్రం డ్యూటీకి వెళ్ళాలి గనక కాసేపైనా నడుం వాల్చుదామని నేను లేవడం కోసం చూస్తున్నాడు. ఇందులో ఎందరుంటారని ఆఫీసరు అడిగితే వాడే చెప్పాడు.

“ముగ్గురం బాబూ. మంచం ఒకటే. ఈ బావ లెగిస్తే నాను తొంగుంతాను.”

ఆయన నా వైపు తిరిగి పెళ్ళయిందా అని అడిగాడు. నిద్రమత్తులో ఉన్నాను, ఎవరు వింటున్నారో చూసుకునే తెలివి లేదు. పెళ్ళయిందనీ, పాప ఉందనీ, పుట్టినప్పుడు చూడడమేననీ, తెచ్చుకుందామంటే ఇల్లు దొరకడం లేదనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెప్పాక మామ్మగారి మొహం చూసి నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నన్నూ మంచాన్నీ, నేల మీది బావనూ చూసింది. ఆ తరవాత, తువ్వాలు కట్టిన గుమ్మంలో నిలబడి, తన అసలు గొంతుతో అంది:

“రాసుకో బాబూ. మేడలొద్దని ఈదంతా తిరిగి సెప్పింది నానే. ఇప్పుడు కట్టుకోమని సెప్తన్నదీ నానే. నాను ఈళ్ళ నిద్ర సూసినాను గానీ, కళ్ళు తెరిస్తే ఆ పిల్లోడికి ఎవురు కనపడాలో అది సూడలేదు.”

వీధివాళ్ళు నివ్వెరపోయింది ఆవిడ పక్షం మారినందుకు కాదు, పడుకునేవాళ్ళ గుమ్మం దగ్గర అంత గట్టిగా మాట్లాడినందుకు. పక్కిళ్ళలో నిద్రపోతున్న వాళ్ళు కూడా ఏమయిందోనని లేచి వచ్చారు. నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు, ఎర్రదుమ్ము కళ్ళల్లో పడిందని అందరి ముందూ బుకాయించాను.

నిబంధన కొన్నాళ్ళకు మారింది. తన పక్షం వాళ్ళు చాలాకాలం ఆవిడతో ముభావంగా ఉన్నారు, ఆవిడేం పట్టించుకోలేదు. మాటలు లేని ఎదురింటి మావయ్యగారినే పిలిచి తన ఇంటి మీద ఒక అంతస్తు వేయమంది. ఆయన కూడా తానే గెలిచానని మీసం మెలేయకుండా, కింద పడుకునేవాళ్ళ కోసం స్లాబు మందంగా పోయించాడు. ఆ పై పోర్షను ఆవిడ నాకే ఇచ్చింది, గుడివాడ వెళ్ళి నా భార్యనూ పాపనూ తెచ్చుకున్నాను. పైన రోలు పెట్టకూడదు, పిండి రుబ్బినా పచ్చడి నూరినా కిందికొచ్చి నూతి దగ్గరే అని ఆవిడ షరతు. నా భార్య అలాగేనంది, రుబ్బినంతసేపూ మా పాప ఆవిడ ఒళ్ళోనే ఉండేది. మాకు పూజలు, ఆవిడకు ప్రార్థనలు, పాపకు రెండూ వచ్చేవి.

ఆవిడ భయపడ్డట్టే అయింది. ఎదురుగా మావయ్యగారి మేడ కూడా లేచాక వాకిట్లో ఎండ మధ్యాహ్నం కాసేపు తొంగిచూసి పోయేది. ఒరుగుల చేట చంకన పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ ఆవిడ మా మేడ మీదికి ఎక్కి రావడం చూసి నాకు ప్రాణం చివుక్కుమనేది. మా వల్ల మీ ఎండ పోయింది మామ్మగారూ అని ఒకనాడు ఉండబట్టలేక అనేశాను.

“ఎండ కావాలంటే నాను పైకెక్కగల్ను. నీ కూతురు గుడివాడ కాణ్ణుంచి పాక్కుంటా రాగల్దేటి,” అంది, ఒరుగులు పరుస్తూ.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, ఆ వీధిలో ఇప్పుడు మేడల మీద మేడలు లేచాయి, లోపల ఎవరు ఎప్పుడు పడుకుంటారో పక్కవాళ్ళకు తెలియదు. కావలసిన ఇల్లు ఇప్పుడు ఒక్క పూటలో దొరుకుతుంది. మనకు ఏం లోటో పసిగట్టి, తన మాట తానే వదులుకునే ఇంటివారు దొరకడమే కష్టం. హార్బరులో నాతో పనిచేసిన వాళ్ళలో చాలామంది తమ పిల్లలు మొదటి అడుగు ఎప్పుడు వేశారో ఉత్తరాల్లో చదివి తెలుసుకున్నారు. మా పాప మొదటి అడుగు వేసింది ఆ మేడ మీద, ఎండుతున్న మామిడి ఒరుగులు తొక్కుకుంటూ, నా వైపే. అప్పుడు నేను అక్కడ ఉన్నాను.