మావయ్య మిషన్, నా గుండెదడ

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం లేదు, పరీక్షలంటే అసలే లేదు. ఉన్న భయమంతా ఒక్క మనిషి దగ్గరే ఖర్చయిపోయేది. ఆయన మా పెద్ద మావయ్య. నరసాపురంలో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఆయన గొంతెత్తితే ఇంజనే స్టార్టయిందనుకుని దారినపోయేవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న ఏడాదే ఆయన లోహాన్ని చెక్కే ఒక పాత మిల్లింగ్ మిషన్ కొని, చేత్తో తిప్పే పిడులు పీకించి, వాటి చోట మోటార్లు పెట్టించి, కంప్యూటర్ తగిలించారు. "మా మేనకోడలు మీట నొక్కితే చాలండి, లోహం దానంతటదే బొమ్మయిపోద్ది!" అని రేవు దాకా చాటేశారు. (నొక్కాల్సిన మీట ఏదో అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు.)

మొదటి పని, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ రెక్కకి అచ్చు. అల్యూమినియం దిమ్మని బల్ల మీద బిగిస్తే మోటార్లు బల్లని జరుపుతాయి, పైనుంచి కట్టర్ చెక్కుతుంది. తీరా చూస్తే రెక్క ఒక చోట, దాని కాడ ఇంకో చోట వచ్చాయి. ఆ మోటార్లు కంప్యూటర్ చెప్పినన్ని అడుగులు వెయ్యాలి. మధ్యలో బల్ల మొరాయించి కొన్ని అడుగులు పోతే, ఆ సంగతి కంప్యూటర్‌కి తెలియదు. పాలకొల్లులో రైలు దిగి, నరసాపురమే అనుకుని ఇంటికి నడిచే మనిషిలా ధీమాగా తప్పు చోట చెక్కుకుంటూ పోతుంది. "కరెంటే!" అన్నారు మావయ్య. ఆయన లెక్కలో లోకంలోని చెడంతా కరెంటుదే.

నేను వైర్లు చూశాను, వేగం తగ్గించాను. బల్ల ఎంత జరిగిందో ముల్లుతో చూపే డయల్ గేజి ఆనించి ముందుకు పంపి వెనక్కి రప్పిస్తే ముల్లు సున్నాకి రాలేదు. అప్పుడు గమనించాను. రోజూ పొద్దున్నే మావయ్య అగరొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని, బల్ల ఊగకూడదని దాని పక్క మరల్ని పానాతో పళ్ళు బిగబట్టి బిగించేవారు. చేత్తో తిప్పే మిషనైతే ఆయన భుజబలానికి అది చెల్లేది. చిన్న మోటారు, పాపం, గుర్రుమని అక్కడే ఆగిపోయేది. మరలు వదులు చేస్తే ముల్లు బుద్ధిగా సున్నాకి వచ్చింది. రోగం దొరికింది సరే, మావయ్యకి చెప్పేదెవరు? ఆయన బయటికెళ్ళగానే నేను వదులు చేసేదాన్ని, పని సగంలో ఉండగానే ఆయన వచ్చి మళ్ళీ బిగించేవారు.

అలా ఒక్కో దిమ్మా పాడై, ఇక మిగిలింది ఆఖరి దిమ్మ. అచ్చు చెయ్యమన్న చెరువుల ఆసామీ చూద్దామని స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎదుటే మావయ్య పానా తీసి, మామూలు కంటే ఇంకో పట్టు బిగించారు. "కానీవే అమ్మలూ!" అన్నారు. మీట నొక్కాను. మోటారు గుర్రుమంది, బల్ల ఆగింది, మళ్ళీ కదిలింది. తిరుగుతున్న కట్టర్ దిమ్మని వదిలేసి, దాన్ని పట్టుకున్న ఉక్కు బిగింపు వైపు వస్తోంది. తగిలితే కట్టర్ ముక్కలై ఎవరి కంట్లో పడుతుందో! మిషన్ ఆపే ఎర్ర మీట గుద్దేసి, "మావయ్యా, మీరు బిగించేస్తున్నారు! అందుకే ఆగిపోతోంది!" అని కేకపెట్టాను. ఆ గొంతు నాదేనని తెలియడానికి కాస్త టైము పట్టింది.

మావయ్య నన్ను చూశారు, పానాని చూశారు. "రండి, టీ తాగొద్దాం" అని ఆసామీని లేవదీసుకుపోయారు. నేను కళ్ళు తుడుచుకుని మరలు వదులు చేసి, కంప్యూటర్‌కి మొదలుచోటు మళ్ళీ చూపించి నడిపాను. ఇందాక కట్టర్ దారితప్పినప్పుడు దిమ్మ మీద పడ్డ గీత, పైపొర చెక్కేయడంతో పోయింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి రెక్క, కాడ ఒక్కచోటే కుదిరాయి. ఆసామీ అచ్చుని నిమిరి చూసుకుని మురిసిపోయాడు.

ఆయన వెళ్ళాక మావయ్య నాకో టీ గ్లాసు అందించి, ఎన్నడూ వినని చిన్న గొంతుతో, "నువ్వు వదులు చేస్తున్నావని తెలుసే. ఎందుకని అడగడానికి భయమేసింది. అడిగితే ఈ మిషన్ గురించి నాకేం తెలీదని నీకు తెలిసిపోద్దిగా" అన్నారు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు నాకు అర్థంకాని మిషన్లు నడుపుతారు. నేను వెనకాల నిలబడి, అంతా తెలిసినట్టు గంభీరంగా తలాడిస్తుంటాను. వాళ్ళు నన్ను చూసి భయపడుతున్నారనుకుంటా. నాకు మాత్రం నవ్వొస్తుంది.